విరిగిన ఫోర్క్ సాక్ష్యం

ఆగాగు! ఆ రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించకు. అతుకుతుందేమో చూద్దామని ఎవరికైనా చెయ్యి లాగుతుంది, నిజమే. కానీ విరిగిన చోట ఉండే సన్నటి గరుకులు ఒక్కసారి రాసుకుంటే నలిగిపోతాయి. రేపు వినియోగదారుల కమిషన్ ముందు నీ తరఫున నిలబడాల్సింది ఆ గరుకులే. ఇటివ్వు. విరిగిన ముఖాన్ని వేలితో తాకను, నువ్వూ తాకకు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, తుప్పు పట్టడానికి అది చాలు. ఒక్కో ముక్కను ఒక్కో పొడి కాగితంలో విడిగా చుడదాం.

ఆ కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చో. మీ నాయన ఫోన్లో చెప్పింది సరిగ్గా విన్నానో లేదో చూద్దాం. శాలిబండ దగ్గర బ్రేకు వేశావు. ముందు ఫోర్క్ పైభాగంలో పుటుక్కున విరిగి చక్రం ముందుకు పోయింది, నువ్వు మొహం మీద పడ్డావు. సైకిల్ కొని ఏడాది కూడా కాలేదు. దుకాణంవాడు “గుంతలో వేసుంటాడు, పిల్లలంతే కదా” అన్నాడు. మీ నాయన కేసు వేస్తానన్నాడు. ప్లీడరు గారు “నిపుణుడి రిపోర్టు ఏదీ?” అని అడిగారు. ఉద్యోగమంతా లోహాల ల్యాబులో గడిపిన ముసలాయన గౌలిపురాలోనే ఉన్నాడు గదా అని అందరూ కలిసి నిన్ను నా దగ్గరికి పంపారు. దుకాణం పేరు, కంపెనీ పేరు మాత్రం నాకు చెప్పకు. పేరు తెలిస్తే ముక్కను చూడాల్సిన కన్ను బోర్డును చూస్తుంది.

నీ కేసులో నిపుణుడిగా నేను రాను. పొరుగింటివాణ్ని, నిన్ను చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పినవాణ్ని. అవతలి ప్లీడరు మొదటి ప్రశ్నలోనే ఆ సంగతి లాగుతాడు. డబ్బు ఇచ్చేది నువ్వే అయినా నిపుణుడు నీ మనిషి కాకూడదు, కమిషన్‌కు విషయం విడమరిచి చెప్పే మనిషి కావాలి. కాబట్టి నేను చేయగలిగింది, ఆ నిపుణుణ్ని నువ్వు ఏం అడగాలో చెప్పడం. దానికి ముందు ఇనుము ఎలా విరుగుతుందో నీకు తెలియాలి.

ఆ తలుపు పక్కన బైండింగ్ వైరు ముక్క ఉంది, అందుకో. నీకు ఒక్క చెయ్యే కదా, నేనే చేస్తా. పట్టి లాగితే తెగుతుందా? నా బలం చాలదు, మీ నాయన బలమూ చాలదు. ఇప్పుడు వంచుతున్నా, సరిచేస్తున్నా, మళ్ళీ వంచుతున్నా... తెగింది. ఆ కొస ముట్టుకో, వెచ్చగా లేదూ? గట్టిగా ఒక్కసారి లాగితే తెగనిది, చిన్న బలానికే మాటిమాటికీ వంగి తెగిపోయింది. దీన్ని లోహపు అలసట అంటారు. నేను చూపించింది మోటు ప్రయోగం. సైకిల్లో జరిగే అలసటలో వంపు కంటికి కూడా కనబడదు. చిన్న మెట్టు దిగినా, బ్రేకు వేసినా ఫోర్క్ కొంచెం వంగి మళ్ళీ సర్దుకుంటుంది. చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్ళ మీద తొక్కావనుకో, ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు వంగి లేస్తుందో లెక్కపెట్టలేవు.

లెక్కకు లొంగేది కావాలంటే చక్రం స్పోక్ తీసుకుందాం. 28 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకు 450 చుట్లు. ప్రతి చుట్టులో ప్రతి స్పోక్ ఒకసారి చక్రం అడుక్కి వచ్చి బిగుతు కొంత కోల్పోతుంది, పైకి పోతూ మళ్ళీ బిగుసుకుంటుంది. రోజుకు 10 కిలోమీటర్లు తొక్కితే 4,500 సార్లు. ఏడాదిలో 300 రోజులు తొక్కేవాడి సైకిల్లో ఒక్కో స్పోక్ పదమూడున్నర లక్షల సార్లు సడలి బిగుస్తుంది. అయినా మన పాలవాళ్ళ సైకిళ్ళు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు తిరిగాయి. ఎందుకు విరగలేదు?

ఈ ప్రశ్న రైలు ఇరుసుల దగ్గర మొదలైంది. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలింజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కి తగలబడ్డాయి. 50 మందికి పైగా చనిపోయారు. ప్రపంచమంతా ఓడలో చుట్టి వచ్చిన అన్వేషకుడు డ్యుమోన్ దుర్విల్ కూడా ఆ పెట్టెల్లోనే కుటుంబంతో సహా కాలిపోయాడు. ఇనుము వాడగా వాడగా లోపల గుణమే మారిపోతుందని, పీచుగా ఉన్నది పలుకులు కట్టి పెళుసవుతుందని అప్పటి ఇంజినీర్లు చాలామంది నమ్మారు. మరుసటి ఏడాది రాంకిన్ అనే స్కాట్లాండ్ కుర్రాడు, పాతికేళ్ళు కూడా నిండనివాడు, విరిగిన ఇరుసులను దగ్గర పెట్టుకుని చూశాడు. పగులు మొదలైంది ఇరుసు లావు తగ్గే మెట్టు దగ్గర, పదునైన మూలలో. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా లోపలికి పాకింది. మిగిలిన మధ్యభాగం బరువు మోయలేక చివర్లో ఒక్కసారిగా విరిగింది. ఆ తర్వాత వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజినీరు 1850ల నుంచి ఏళ్ళ తరబడి ఇరుసులను యంత్రాల మీద తిప్పి తిప్పి విరిచాడు. ఉక్కుకు ఒక హద్దు ఉందని తేల్చాడు. వంచే బలం ఆ హద్దు లోపల ఉంటే లక్షల సార్లు వంచినా విరగదు, దాటితే ఏదో ఒక రోజు విరుగుతుంది. పాలవాడి సైకిల్ నిలిచింది అందుకే. ఇప్పుడు షోకుగా వస్తున్న అల్యూమినియం భాగాలకు ఆ హద్దు లేదు. ఎంత చిన్న బలమైనా లెక్క రాసుకుంటూనే ఉంటుంది. అందుకే వాటిని తయారుచేసేవాళ్ళు మందం ఎక్కువ పెట్టాలి.

ఇదిగో భూతద్దం. నీ దగ్గరున్న కింది ముక్క ముఖం చూడు, తాకకుండా. సగం దాకా నున్నగా, ముదురు గోధుమ రంగులో ఉంది కదా? మిగిలిన సగం బూడిద రంగులో, చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. ఆ నున్నటి సగంలో సన్నటి గీతలు ఒకదాని వెనక ఒకటి వంకీలు తిరిగి కనిపిస్తాయి. చెరువు ఎండుతున్నప్పుడు నీళ్ళు వెనక్కి తగ్గిన చోటల్లా ఒడ్డు మీద ఒక గీత మిగులుతుంది చూశావా, అలాగే పగులు కొంత పాకి ఆగిన చోటల్లా ఒక గీత మిగిలింది. ఆ గీతలన్నీ ఏ చోటును చుట్టి ఉన్నాయో చూస్తే పగులు పుట్టిన చోటు తెలుస్తుంది. నీదానిలో అది వెనకవైపున, గొట్టాన్ని ఫోర్క్ నెత్తిన ఉండే కిరీటంలో దూర్చి ఇత్తడితో అతికిన అతుకు పక్కనే ఉన్నట్టుంది. గోధుమ రంగంటే తుప్పు, అంటే ఆ పగులు గాలికీ తేమకూ ముందు నుంచే తెరుచుకుని ఉంది. మెరిసే సగం మాత్రం నువ్వు పడ్డ రోజున విరిగింది.

గుంతలో పడి ఒక్క దెబ్బకు విరిగితే ఇలా ఉండదు. ముఖమంతా ఒకే రకంగా ఉంటుంది. పైగా మెత్తటి ఉక్కు విరిగే ముందు వంగుతుంది. ముందు నుంచి గట్టి దెబ్బ తగిలిన సైకిల్లో ఫోర్క్ కాళ్ళు రెండూ వెనక్కి వంగి ఉంటాయి. హ్యాండిల్ గొట్టం కింద, ఫ్రేము పెద్ద గొట్టం అడుగున ముడత పడుతుంది. రిమ్ము సొట్టపోతుంది. అందుకే చెబుతున్నా, మీ అమ్మ “ఈ దరిద్రపు సైకిల్ ఇంట్లో వద్దు” అన్నా పాత సామాన్లవాడికి వేయనివ్వకు. వంగని ఫ్రేము, సొట్టపోని రిమ్ము కూడా నీ సాక్షులే. మొత్తం సైకిల్ అలాగే ఉంచండి. పక్కన స్కేలు పెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. కొన్న బిల్లు, వారంటీ కార్డు, ఆసుపత్రి కాగితాలు ఒకే సంచిలో పెట్టండి. దుకాణంవాడు “ఇలా ఇవ్వండి, కంపెనీకి పంపి చూపిస్తా” అంటే ముక్కలు చేతికివ్వకండి. పంపకతప్పదంటే రాతపూర్వకంగా రసీదు తీసుకోండి.

సంతోషపడకు, ఇంకా అయిపోలేదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అలసటతో విరిగిందని తేలితే కేసు గెలిచినట్టే అనుకుంటారు. అలసట అంటే ఎలా విరిగిందో చెప్పే మాట, తప్పు ఎవరిదో చెప్పే మాట కాదు. అతుకు సరిగా కుదరక మధ్యలో ఖాళీ మిగిలితే అక్కడ పగులు పుడుతుంది. అది తయారీ లోపం. అతికేటప్పుడు మంట ఎక్కువై ఉక్కు పలుకులు ముదిరితేనూ పుడుతుంది, అదీ తయారీ లోపమే. అతుకు చక్కగా ఉండి గొట్టం మందమే తక్కువ పెట్టి ఉంటే అది డిజైన్ లోపం. సైకిళ్ళు మన దగ్గర చాలావరకు విడిభాగాలుగా దుకాణానికి వస్తాయి, అక్కడే బిగిస్తారు. హ్యాండిల్ కింద బేరింగు కప్పులు వదులుగా వదిలేస్తే ఫోర్క్ ప్రతి కుదుపుకూ కొట్టుకుంటుంది. అది బిగింపులో లోపం. నువ్వు ముందు కడ్డీ మీద ఇద్దరిని, వెనక క్యారియర్ మీద గ్యాసు సిలిండరు పెట్టుకుని తిరిగావంటే అది నీ తప్పు. అన్నింటిలోనూ విరిగిన ముఖం మీద ఇవే చెరువు గీతలు ఉంటాయి. గీతలు పుట్టిన ఆ మొదటి చుక్కలో ఏముందన్నదే అసలు కేసు.

అందుకని నిపుణుడి దగ్గరకు వెళ్ళి “కంపెనీది తప్పని రాసివ్వండి” అనకూడదు. అలా రాసిచ్చేవాడి కాగితం కమిషన్‌లో పావలా చేయదు. ఇలా అడగాలి: పగులు ఎక్కడ పుట్టింది? ఆ చోట అతుకు నిండుగా ఉందా, ఖాళీ ఉందా? గొట్టం మందం అంతటా ఒకేలా ఉందా? ఉక్కు గట్టితనం ఆ అతుకు దగ్గరా, దూరంగానూ ఎంతెంత ఉంది? పగులు పాకడానికి కొంతకాలం పట్టిందా, వెంటనే విరిగిందా? ఏదైనా పెద్ద దెబ్బ గుర్తులు సైకిల్లో ఉన్నాయా? మామూలు వాడకంలో ఇలా విరగాలా? ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరకాలంటే పోల్చి చూడటానికి అదే మోడల్ కొత్త ఫోర్క్ ఒకటి కొని ఇస్తే మంచిది. మన దేశంలో సైకిళ్ళ భద్రతకు ఐఎస్ 10613 అనే ప్రమాణం ఉంది. ఫోర్క్‌ను ఎలా పరీక్షించాలో అందులో ఉంటుంది. నిపుణుడు దాన్ని ప్రస్తావించి రాస్తే రిపోర్టుకు బలం.

ఈ పని ఎలా చేస్తారంటావా? మొదట కంటితో, తర్వాత సూక్ష్మదర్శినితో, అవసరమైతే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తారు. అందులో చూస్తే ఒక్కో వంపుకు పగులు ఎంత పాకిందో గీతల మధ్య దూరం చెబుతుంది. ఇంతవరకు ముక్కకు నష్టం లేదు. ఆ తర్వాత గట్టితనం కొలవడానికి చిన్న నొక్కు పెడతారు. లోపలి పలుకులు చూడాలంటే ముక్కను కోసి, నున్నగా రుద్ది, ఆమ్లం పూయాలి. కోసిన ముక్క మళ్ళీ అతకదు. అందుకని కోసే పరీక్షలు నీ అంతట నువ్వు చేయించకు. “మాకు చెప్పకుండా సాక్ష్యం నాశనం చేశారు” అని అవతలివాళ్ళు అంటారు, ఆ మాటలో న్యాయముంది. ముందు వాళ్ళకు నోటీసు వెళ్ళాలి, లేదా కమిషనే పంపాలి.

కమిషనే పంపే దారి చట్టంలోనే ఉంది. ఇది మన జనానికి తెలియాల్సినంతగా తెలియదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. దాని 38వ సెక్షన్ ఏమంటుందంటే, పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే జిల్లా కమిషన్ నీ దగ్గర నుంచి వస్తువును తీసుకుని, సీలు వేసి, తగిన ప్రయోగశాలకు పంపాలి. 45 రోజుల్లో రిపోర్టు రావాలి, అవసరమైతే గడువు పెంచుతారు. పరీక్ష ఫీజు ముందుగా నువ్వే కమిషన్‌లో కట్టాలి. రిపోర్టు వచ్చాక నచ్చనివాళ్ళు అభ్యంతరం రాసి ఇవ్వచ్చు, ఇద్దరినీ విన్నాకే కమిషన్ తేలుస్తుంది. 1986 నాటి పాత చట్టంలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉండేది. ఇలా వచ్చే రిపోర్టుకు ఒక సుగుణం ఉంది, అది ఎవరూ కొనుక్కున్నది కాదు. మీ ప్లీడరు గారికి చెప్పు, ఫిర్యాదుతో పాటే ఈ పరీక్ష కోరుతూ అర్జీ పెట్టమని.

కొత్త చట్టంలో ఇంకో మేలు జరిగింది. వస్తువు లోపం వల్ల ఒంటికి గాయమైతే దానికి ‘ఉత్పత్తి బాధ్యత’ అని వేరే అధ్యాయమే పెట్టారు. తయారీ లోపం, డిజైన్ లోపం, సరైన హెచ్చరిక లేకపోవడం, వీటిలో ఏది రుజువైనా తయారీదారు బాధ్యుడే. ఆయన అజాగ్రత్తగా ఉన్నాడని నువ్వు విడిగా రుజువు చేయక్కర్లేదు. బిగించడంలో, తనిఖీలో తగిన జాగ్రత్త తీసుకోని దుకాణదారూ బాధ్యుడవుతాడు. విడిభాగాలుగా వచ్చే సైకిల్ విషయంలో ఈ మాట చాలా ముఖ్యం. వాడినవాడే దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా మాత్రం అమ్మినవాడు తప్పుకోవచ్చు. గ్యాసు సిలిండరు సంగతి అందుకే అడుగుతున్నా. మోశావా, లేదా? నాకు చెప్పకపోయినా ప్లీడరు గారికి నిజం చెప్పు.

ఈ చట్టం వెనక ఒక చక్రం కథ ఉంది. అమెరికాలో మాక్‌ఫర్సన్ అనే ఆయన ఒక డీలరు దగ్గర బ్యూక్ కారు కొన్నాడు. నడుస్తుండగా చక్రం చెక్క పుల్లలు పొడిపొడిగా విరిగి ఆయన కింద పడ్డాడు. కంపెనీ ఏమంది? “మేం ఆయనకు అమ్మలేదు, డీలరుకు అమ్మాం. చక్రం కూడా మేం చేయలేదు, ఇంకొకరి దగ్గర కొన్నాం.” 1916లో న్యూయార్క్ అప్పీళ్ళ కోర్టులో కార్డోజో అనే జడ్జి ఆ వాదన కొట్టిపారేశాడు. చెక్క నాసిరకమని, తగిన తనిఖీ చేసి ఉంటే దొరికేదని సాక్ష్యం ఉంది, కంపెనీ తనిఖీ చేయలేదు, కాబట్టి జవాబుదారీ అన్నాడు. అక్కడ కూడా కేసును నిలబెట్టింది చక్రం చెక్కే.

మరి నిపుణులు ఎక్కడ ఉన్నారంటావు. నవ్వొస్తుంది నాకు. లోహాలు తెలిసినవాళ్ళు దేశంలో ఇంత దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్ళు తక్కువ. మన పాతబస్తీ నుంచి సంతోష్‌నగర్ దాటితే కంచన్‌బాగ్. అక్కడ 1963లో పుట్టిన రక్షణ లోహశోధన ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. పల్లె రామారావు గారు దానికి డైరెక్టరుగా చేశారు, లోహాలు ఎలా అలసి విరుగుతాయన్నది ఆయన చదువులో పెద్ద భాగం. దాని పక్కనే రాకెట్లకు, అణుకేంద్రాలకు ప్రత్యేక ఉక్కు పోసే మిధాని. ఇంకొంచెం ముందుకు పోతే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం. కానీ క్షిపణుల ముక్కలు చూసేవాళ్ళు నీ సైకిల్ ముక్క కోసం గేటు తెరవరు, వాళ్ళ పని అది కాదు. నీకు పనికొచ్చేవి వేరే. ఉస్మానియా ఇంజినీరింగు కాలేజీ 1929 నుంచి ఉంది, జేఎన్‌టీయూ ఉంది, కంది దగ్గర ఐఐటీలో లోహశాస్త్ర విభాగం ఉంది. పరీక్షశాలలకిచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు పరీక్షశాలలూ ఉన్నాయి. సైకిళ్ళకే ప్రత్యేకం కావాలంటే లూధియానాలో సైకిల్, కుట్టుమిషన్ల పరిశోధన అభివృద్ధి కేంద్రం ఉంది. దేశపు సైకిళ్ళలో పెద్ద వాటా ఆ ఊళ్ళోనే తయారవుతుంది కదా, ఫోర్క్‌ను వంచి వంచి పరీక్షించే పని వాళ్ళకు రోజూ ఉండేదే. ఎక్కడికైనా ముందు ఒక ఉత్తరం రాసి “వినియోగదారుల కేసుకు రిపోర్టు ఇస్తారా, అవసరమైతే వచ్చి సాక్ష్యం చెబుతారా” అని అడగండి. పరీక్ష చేసి, సాక్ష్యానికి రానంటే సగం పనే అయినట్టు.

మన మలుపు దగ్గర పంక్చర్లు వేసే ఉస్తాద్ ఉన్నాడు, ఆయన చెబితే చాలదా అని మీ నాయన అడిగాడు. ఆయన్ను తక్కువ చేయకు. చదువులేని కన్ను కూడా ఉక్కును కనిపెడుతుంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో కాచిన ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి మకాం వేసేవారని వాయ్‌సే అనే సర్జను రెండు వందల ఏళ్ళ కిందట రాసిపెట్టాడు. ఆ కమ్మరులకు ఏ పట్టా ఉంది? కోర్టులు కూడా పట్టాకు మొక్కవు. 1894లో ఇంగ్లండులో చేతిరాతలు సరదాగా చదువుకున్న ఒక ప్లీడరును కోర్టు చేతిరాత నిపుణుడిగా ఒప్పుకుంది, సిల్వర్‌లాక్ కేసులో. మన దగ్గర 1872 నాటి సాక్ష్య చట్టం పోయి, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 39వ సెక్షన్ నిపుణులంటే శాస్త్రం, కళలే కాక ‘మరే రంగంలోనైనా’ ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్ళంది. కాబట్టి ఉస్తాద్ రావచ్చు. బేరింగు కప్పులు సరిగా బిగించి ఉన్నాయా, సైకిల్‌ను ఎవరైనా మార్చారా, ఇదివరకు ఎప్పుడైనా గుద్దుకుని వచ్చిందా అన్నవి ఆయన కంటే బాగా ఎవరు చెబుతారు? అతుకు లోపల ఖాళీ ఉందా, ఉక్కు పలుకులు ముదిరాయా అన్నది మాత్రం ఆయన చేత చెప్పించకు. చెప్పగానే అవతలి ప్లీడరు “ఎలా కొలిచావు?” అంటాడు.

ఆ ప్రశ్నకు ప్రొఫెసర్లు కూడా తప్పించుకోలేరు. 1999లో సుప్రీంకోర్టు జైలాల్ కేసులో ఈ సంగతి తేల్చింది. అది హిమాచల్‌లో ఆపిల్ తోటల వ్యవహారం. ఫలానా తోటలో ఇంత పంటే పండగలదని తోటల శాఖ అధికారి నిపుణుడిగా చెప్పాడు. కోర్టు ఏమందంటే, నిపుణుడు తీర్పు చెప్పేవాడు కాదు. తాను ఏం చూశాడో, ఏ కొలతతో ఆ నిర్ణయానికి వచ్చాడో కోర్టు ముందు పరిచిపెట్టాలి. కోర్టు తానే బేరీజు వేసుకోగలిగేట్టు ఉండాలి. ఒక పేజీలో “లోపముంది” అని సంతకం పెట్టిన కాగితం కంటే ఫొటోలు, కొలతలు, పద్ధతి, తనకు తెలియంది ఏదో కూడా రాసిన రిపోర్టు మేలు. తన సందేహాన్ని దాచని నిపుణుణ్ని పట్టుకోండి. అలాంటివాడు ఎదురు ప్రశ్నలకు తడబడడు.

అసలు ప్రతి కేసుకూ నిపుణుడు కావాలా? మన హైదరాబాద్ నుంచే దీనికి జవాబు వెళ్ళింది. వి. కిషన్ రావు అని మలేరియా శాఖలోనే అధికారి. 2002 జులైలో ఆయన భార్యకు చలిజ్వరం వస్తే ఇక్కడి ఆసుపత్రిలో చేర్చారు. మలేరియాకు కాక టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. నాలుగు రోజులకు ఇంకో ఆసుపత్రికి మార్చేసరికే పరిస్థితి చేయిదాటింది, ఆవిడ దక్కలేదు. జిల్లా ఫోరం 2 లక్షలు ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ సరేనంది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. చిక్కుముడి కేసుల్లో నిపుణుడు అవసరమే గాని, ప్రతి వినియోగదారుడి కేసులోనూ నిపుణుడు ఉండి తీరాలని పట్టుబట్టకూడదని చెప్పింది. తప్పు దానంతటదే కనబడుతుంటే దాన్ని వివరించడానికి ఇంకొకరు ఎందుకు? 1863లో ఇంగ్లండులో దారిన పోయేవాడి మీద గోదాం పైనుంచి పిండి పీపా పడింది. ఎలా పడిందో రుజువు చేయమని బాధితుణ్ని అడగక్కర్లేదని కోర్టు అప్పుడే తేల్చింది.

కానీ నీ ఫోర్క్ పిండి పీపా కాదు. పీపా దానంతటది పడదు, ఎవరో చూసుకోకపోతేనే పడుతుంది. ఫోర్క్ విరగడానికి ఇందాక ఎన్ని కారణాలు చెప్పాను, వాటిలో ఒకటి నీ వైపుకే వేలు చూపిస్తుంది. కార్లలో తయారీ లోపం ఉందన్న కేసుల్లో జాతీయ కమిషన్ నిపుణుడి రిపోర్టు ఏదని పదేపదే అడిగింది. కాబట్టి నా తీర్పు అడిగితే, నీకు రిపోర్టు కావాలి. మణికట్టు విరిగింది, రెండు పళ్ళు పోయాయి, బడి పోయింది. ఇది చిన్న సంగతి కాదు. అదే నీకు దెబ్బ తగలకుండా సైకిల్ ఒక్కటే పాడై ఉంటే, పరీక్ష ఫీజే సైకిల్ ధరను మించవచ్చు గనక, కొత్త ఫోర్క్ తీసుకుని ఇంటికి పొమ్మనేవాణ్ని.

ఏమిటి, కేసు వేయడానికి డబ్బు ఎంతవుతుందా? కొన్న వస్తువు ధర 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. కంపెనీ పంజాబ్‌లో ఉన్నా నువ్వు ఉండే చోటే, హైదరాబాద్‌లోనే వేయవచ్చు, కొత్త చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. ప్లీడరు లేకుండా మీ నాయనే వాదించుకోవచ్చు కూడా. కేసు మామూలుగా అవతలివాళ్ళకు నోటీసు అందిన 3 నెలల్లో, వస్తువు పరీక్ష ఉంటే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. రాసి ఉంది అన్నాను, అంతే. మన పాతబస్తీలో పుట్టినవాళ్ళకు తారీఖుల సంగతి నేను చెప్పాలా!

ఆ అటక మీద బిస్కెట్ల డబ్బా ఉంది, ఈ పొట్లాలు రెండూ అందులో పెట్టి మూత బిగించి తీసుకుపో. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లం ఒకటి లోపల వెయ్యి. నూనె రాయకు, తుడవకు, మీ తమ్ముడికి చూపించడానికి మళ్ళీ మళ్ళీ తెరవకు. డబ్బా మీద తేదీ రాసి మీ నాయన చేత, ఉస్తాద్ చేత సంతకాలు పెట్టించు. మీ నాయనకు ఇంకొకటి చెప్పు. చేయి బాగయ్యాక చూద్దాం, పరీక్షలు అయ్యాక చూద్దాం అనవద్దను. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళే. ముందుగా మాట్లాడి చూడాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో కూడా మాట్లాడతారు.